నాలుక కింద పెట్టుకునే మాత్ర మరో మత్తా? తమ్ముడి చికిత్స గురించి ఒక అక్కకు జవాబు

పలాస దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడికి ఇరవై అయిదేళ్ళు. విశాఖలో లోడింగు పనికి వెళ్ళాడు. నడుంనొప్పికి వేసుకున్న ట్రమడాల్ మాత్రలతో మొదలై పెంటజోసిన్ ఇంజక్షన్ల దాకా పోయింది. ఇంటికి తీసుకొచ్చి మానసిక వైద్యుడికి చూపిస్తే, బుప్రెనార్ఫిన్, నలాక్సోన్ కలిసిన మాత్ర ఇచ్చి నాలుక కింద పెట్టుకోమన్నారు. నాలుగు నెలలుగా కుదురుగా ఉన్నాడు, పనికి వెళ్తున్నాడు. ఇప్పుడు సంబంధం కుదిరేలా ఉంది. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేశారు, పెళ్ళిలోపు ఆపించెయ్యండి" అని మేనమామ పట్టుబడుతున్నారు. ఆపవచ్చా? నాన్న కూడా రోజూ తాగుతారు. తాగుడు మాన్పించే పొడి అని ఎవరో అమ్ముతున్నారు, తెలియకుండా కూరలో కలపవచ్చా? తమ్ముడి మీద పోలీసు కేసు అవుతుందేమోనని భయంగా ఉంది. ఈ సంగతి పెళ్ళివారికి చెప్పాలా?

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. పెళ్ళి తేదీ చూసుకుని ఆ మాత్ర ఆపకండి. ఆ పొడి ఇంట్లోకి రానివ్వకండి. ఎందుకో ఇక వివరంగా చెప్తాను. నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్ళుగా ఇదే వైద్యం చేస్తున్నాను. మీ మేనమామగారు అన్న మాట దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు అంటారు. ఆయన మీ తమ్ముడి మేలు కోరే అంటున్నారు. అందుకే ఆయనకు కూడా అర్థమయ్యేలా రాయాలని నా ప్రయత్నం.

నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్, పెంటజోసిన్ ఇవన్నీ ఓపియాయిడ్లు అనే ఒకే కుటుంబం. ఇవి పనిచేయడానికి మన మెదడులో ప్రత్యేకమైన గ్రాహకాలు, అంటే మందు వచ్చి అతుక్కునే చోట్లు, ఉన్నాయని 1973లో తేలింది. మనిషి నల్లమందు తింటాడని ముందే ఊహించి ఆ గ్రాహకాలు ఏర్పడలేదు కదా! వాటిని వాడుకునే రసాయనం మన ఒంట్లోనే ఏదో ఉండాలని వెతికితే, 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రవేత్తలు పందుల మెదడులో ఎన్‌కెఫలిన్లను కనిపెట్టారు. ఎండార్ఫిన్లు కూడా ఆ కోవలోవే. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని ఓర్చుకునేలా చేసేదీ, తల్లి ఒళ్ళో పసిబిడ్డ నెమ్మదించేలా చేసేదీ ఈ రసాయనాలే. అవి అవసరానికి పిసరంత విడుదలై, కాసేపట్లో కరిగిపోతాయి. ఇంజక్షన్‌లో వెళ్ళిన మందు అదే గ్రాహకాల మీద మెదడు ఎన్నడూ ఎరగని మోతాదులో వచ్చి పడుతుంది.

అప్పుడు ఏమవుతుందంటే, నడిమి మెదడులో డోపమిన్ తయారుచేసే కణాల సమూహం ఒకటుంది. దాన్ని అదుపులో ఉంచేందుకు పక్కనే గాబా అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు కాపలా కాస్తుంటాయి. ఓపియాయిడ్ మందు వెళ్ళి ఆ కాపలా కణాలనే నిద్రపుచ్చుతుంది. ఇక డోపమిన్‌కు అడ్డు ఉండదు. మెదడు ముందు భాగంలో కోరికలకు, ప్రయత్నాలకు కేంద్రమైన చోట అది వెల్లువెత్తుతుంది.

డోపమిన్ అంటే ఆనందం అని పత్రికల్లో రాస్తుంటారు. అది సగమే నిజం. స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులతో చేసిన ప్రయోగాలు అసలు సంగతి చెప్పాయి. కోతికి అనుకోకుండా పళ్ళరసం దొరికితే డోపమిన్ కణాలు చురుగ్గా స్పందించాయి. రసం ఇచ్చే ముందు రోజూ ఒక దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్ళకు దీపం వెలగగానే ఆ స్పందన వచ్చింది. రసం నోట్లో పడినప్పుడు కొత్తగా ఏమీ లేదు. దీపం వెలిగి రసం రాకపోతే స్పందన మామూలు కంటే పడిపోయింది. అంటే డోపమిన్ చెప్పేది "ఇది బాగుంది" అని మాత్రమే కాదు, "ఇది ముఖ్యం, దీన్ని గుర్తుపెట్టుకో, మళ్ళీ వెతుక్కో" అని. మీ తమ్ముడికి ఇంజక్షన్ దొరికిన సందు, అది తెచ్చిచ్చిన స్నేహితుడి ఫోను, చివరికి ఆసుపత్రిలో సిరంజి కవరు చింపుతున్న చప్పుడు, ఇవన్నీ ఆ దీపాలే అయ్యాయి. మానేసి నాలుగు నెలలైనా విశాఖ కాంప్లెక్స్‌లో బస్సు దిగగానే అతనికి ఒళ్ళు జిల్లుమనవచ్చు. అది బుద్ధి వక్రించడం కాదు. అతను ఎంత గట్టిగా వద్దనుకున్నా, మెదడు నేర్చుకున్న పాఠం అతని అనుమతి అడగకుండా బయటికి వస్తుంది.

ఇక రెండో మార్పు. ఇంత వెల్లువను మెదడు ఎల్లకాలం భరించదు, తనను తాను సర్దుకుంటుంది. నోరా వోల్కో వంటి పరిశోధకులు స్కానింగులో చూపించినది ఇదే: దీర్ఘకాలం మత్తుకు అలవాటుపడినవారి మెదడులో డోపమిన్‌ను అందుకునే డి2 గ్రాహకాలు తగ్గిపోతాయి. అందుకే మామూలు సంతోషాలు చప్పబడతాయి. అమ్మ చేసిన పులుసు, క్రికెట్ మ్యాచ్, పండగ, ఏదీ మనసుకు ఎక్కదు. "వాడికి దేని మీదా ఆసక్తి లేదు, రాయిలా కూర్చుంటాడు" అని ఇంట్లోవాళ్ళు బాధపడేది దీని గురించే. ఇది కోలుకుంటుంది, కానీ వారాల్లో కాదు. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

మూడోది, మానగానే పడే యాతన. మెదడు కాండంలో నోరాడ్రినలిన్ అనే, ఒంటిని అప్రమత్తం చేసే రసాయనాన్ని తయారుచేసే చిన్న కేంద్రం ఉంది. ఓపియాయిడ్లు దాన్ని అణచి ఉంచుతాయి. ఆ అణచివేతకు ఎదురు నిలవడానికి కేంద్రం లోలోపల తన బలం పెంచుకుంటూ పోతుంది. ఒకరోజు మందు పడకపోతే ఆ బలమంతా ఒక్కసారి బయటపడుతుంది. మీరు చూసే ఉంటారు: వరసగా ఆవలింతలు, ముక్కు కారడం, కళ్ళలో నీళ్ళు, నల్లగుడ్డు పెద్దదవడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టి విరేచనాలు, రాత్రంతా కాళ్ళు పీకి మంచం మీద తన్నుకోవడం. క్లోనిడిన్ అనే రక్తపోటు మాత్ర ఇక్కడ కొంత పనికొస్తుంది, ఎందుకంటే అది ఆ నోరాడ్రినలిన్ పొంగునే తగ్గిస్తుంది. ట్రమడాల్‌కు ఇంకో గుణం ఉంది. అది సెరటోనిన్, నోరాడ్రినలిన్ అనే మెదడు రసాయనాల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి మానినప్పుడు విపరీతమైన ఆందోళన, గుబులు రావచ్చు. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చింది. అయినా "నొప్పి మాత్రేగా" అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు ఆ నాలుక కింద మాత్ర సంగతి. పండగ రోజుల్లో పలాస బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కండువా వేసి సీటు పట్టుకుంటాం కదా. బుప్రెనార్ఫిన్ చేసే పని అదే. ఓపియాయిడ్ గ్రాహకాన్ని అది గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత ఏ ట్రమడాల్ వచ్చినా, ఏ ఇంజక్షన్ వచ్చినా కూర్చోవడానికి చోటుండదు. కండువా ఉన్న సీటు ఖాళీ కాదు, అలాగని మనిషి బరువూ దాని మీద లేదు. ఈ మందు కూడా గ్రాహకాన్ని కొంతమేరకే ప్రేరేపిస్తుంది. కాళ్ళు పీకకుండా, మనసు లాగకుండా ఉండడానికి ఆ కాస్త చాలు. మోతాదు పెంచుకుంటూ పోయినా ఒక స్థాయి తర్వాత ప్రభావం పెరగదు, ఊపిరి అణగే ప్రమాదం కూడా ఇతర ఓపియాయిడ్లతో పోలిస్తే బాగా తక్కువ. పైగా ఒంట్లో ఒకటిన్నర రోజు దాకా నిలుస్తుంది, కాబట్టి రోజుకొకసారి వేసుకుంటే ఎక్కడం, దిగడం అనే ఊగిసలాట ఉండదు. ఇంజక్షన్ రోజుల్లో మీ తమ్ముడి బతుకంతా ఆ ఊగిసలాటే కదా.

మరి నలాక్సోన్ ఎందుకు కలిపారు? అది ఓపియాయిడ్లకు విరుగుడు. నాలుక కింద పెట్టుకుంటే దాదాపు ఒంటికి పట్టదు, కనుక ఏమీ చేయదు. మాత్రను నీళ్ళలో కరిగించి నరానికి ఎక్కించుకుంటే మాత్రం వెంటనే పనిచేసి యాతన తెప్పిస్తుంది. దుర్వినియోగానికి అదొక అడ్డుకట్ట. నాలుగు పాళ్ళ బుప్రెనార్ఫిన్‌కు ఒక పాలు నలాక్సోన్ చొప్పున, అంటే 2 మిల్లీగ్రాములకు అర మిల్లీగ్రాము చొప్పున కలుపుతారు.

మేనమామగారి మాటలో ఉన్న నిజాన్ని దాచను. ఈ మాత్రకు శరీరం అలవాటుపడుతుంది. హఠాత్తుగా ఆపితే యాతన వస్తుంది. కానీ వ్యసనం అంటే అదొక్కటే కాదు. అదుపు తప్పడం, రోజుకింత పెంచుకుంటూ పోవడం, అబద్ధాలు చెప్పడం, ఇంట్లో వస్తువులు అమ్మడం, పని వదిలేయడం, చేటని తెలిసినా ఆగలేకపోవడం, ఇవి వ్యసనం. ఇప్పుడు మీ తమ్ముడిలో వీటిలో ఏముంది? మోతాదు డాక్టరు చేతిలో ఉంది, పనికి పోతున్నాడు, రాత్రి నిద్రపోతున్నాడు. తల తిరిగే మత్తు లేదు. మందు మీద ఆధారపడి ఆరోగ్యంగా ఉన్న మనిషిని, మత్తు కోసం పాడైపోతున్న మనిషిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే 2003లో ప్రచురితమైన స్టాక్‌హోమ్ అధ్యయనం సంగతి ఆయనకు చెప్పండి. హెరాయిన్‌కు బానిసలైన నలభై మందిని రెండు జట్లు చేశారు. ఇరవై మందికి ఏడాది పొడుగునా బుప్రెనార్ఫిన్ ఇచ్చారు. మిగతా ఇరవై మందికి ఆరు రోజుల్లో తగ్గించి ఆపేసి, ఆ తర్వాత మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు జట్లకూ కౌన్సెలింగ్ ఒకటే. ఏడాది తర్వాత మొదటి జట్టులో ముప్పావు వంతు మంది చికిత్సలో నిలిచారు. రెండో జట్టులో ఒక్కరూ మిగల్లేదు. అందులో నలుగురు చనిపోయారు. చిన్న అధ్యయనమే, కానీ తర్వాత ఎన్నో దేశాల్లో పెద్ద సంఖ్యలో రోగులను పరిశీలించినప్పుడు కూడా ఇలాంటి మందుల మీద ఉన్నకాలంలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే బుప్రెనార్ఫిన్‌ను, దీనిలాగే వాడే మెథడోన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మందు ఆపాక ఇలాంటి మరణాలు ఎందుకు జరుగుతాయో మీరు తప్పకుండా తెలుసుకోవాలి. మందు ఆపి కొన్ని వారాలైతే శరీరం తట్టుకునే శక్తి పోతుంది. కోరిక మాత్రం పోదు. ఏదో ఒక బలహీన క్షణంలో పాత అలవాటు కొద్దీ పాత మోతాదే వేసుకుంటారు. ఒకప్పుడు ఆ మోతాదుకు చలించని ఒళ్ళు ఇప్పుడు ఊపిరి తీసుకోవడం మానేస్తుంది. చికిత్సా కేంద్రంలో నెల రోజులుండి "పూర్తిగా బాగుపడి" ఇంటికి వచ్చిన కుర్రవాడు, జైలు నుంచి విడుదలైనవాడు మొదటి వారాల్లోనే చనిపోవడం వెనుక ఉన్న కారణం ఇదే. అలాంటి స్థితిలో మనిషి పిలిచినా పలకడు, నల్లగుడ్డు సూదిమొనంత అవుతుంది, పెదవులు నీలమవుతాయి, ఊపిరి చాలా నెమ్మదిగా గురక శబ్దంతో వస్తుంది. పక్కకు పడుకోబెట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో నలాక్సోన్ ఇంజక్షన్ నిమిషాల్లో ఊపిరి నిలబెడుతుంది. మొహం మీద నీళ్ళు చల్లుతూ తెల్లవారేదాకా చూద్దామనుకోకండి.

ఎన్నాళ్ళు వాడాలి అంటే అందరికీ ఒకే గడువు లేదు. నా పద్ధతి చెప్తాను: కనీసం ఏడాది, రెండేళ్ళు స్థిరంగా గడిచి, పని, నిద్ర, సంబంధాలు కుదుటపడి, పాత స్నేహాలు తెగిపోయి, ఆపాలన్న కోరిక అతనికే కలిగినప్పుడు మొదలుపెడతాను. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. మధ్యలో మనసు లాగితే తగ్గించడం ఆపి అక్కడే ఉంటాం. కొందరికి ఇంకా చాలా ఏళ్ళు అవసరమవుతుంది. చక్కెర జబ్బుకు ఏళ్ళ తరబడి మాత్ర వేసుకునే వాళ్ళను మనం తప్పుపట్టం కదా.

మాత్ర వేసుకునే తీరు ఒకసారి మీరే గమనించండి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నోరు తడిగా ఉండాలి. మాత్రను నాలుక కింద పెట్టి అది పూర్తిగా కరిగేదాకా, అయిదు నుంచి పది నిమిషాలు, మాట్లాడకూడదు, మింగకూడదు, నీళ్ళు తాగకూడదు, బీడీ కాల్చకూడదు. మింగేస్తే కాలేయం దాన్ని చాలావరకు నాశనం చేస్తుంది, ఫలితం ఉండదు. "డాక్టరుగారూ, మోతాదు చాలడం లేదు" అని వచ్చినవారిని నా ఎదుటే వేసుకోమంటే టీతో గటుక్కున మింగిన సందర్భాలు ఉన్నాయి. కరిగాక నోరు నీళ్ళతో పుక్కిలించాలి, గంట ఆగి పళ్ళు తోముకోవాలి. ఈ మాత్రల వల్ల పళ్ళు పాడయ్యే అవకాశం ఉంది. మలబద్ధకం కూడా ఉంటుంది. నిద్రమాత్రలు, మద్యం మాత్రం దీనితో కలవకూడదు. బుప్రెనార్ఫిన్‌కు ఒంటరిగా ఉన్న భద్రత ఆ రెండింటితో కలిస్తే ఉండదు.

ఇంకొకటి, ఇంజక్షన్లు వాడాడు కాబట్టి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించారో లేదో అడగండి. పెళ్ళి మాట వచ్చింది కనుక ఇది వాయిదా వేయకూడని పని. హెపటైటిస్ సికి ఇప్పుడు మూడు నెలల మాత్రలతో నయమయ్యే చికిత్స ఉంది. పెంటజోసిన్ పొడిచిన చోట చర్మం చెక్కలా గట్టిపడి పుండ్లు పడతాయి, చేతులు, తొడలు కూడా చూపించండి.

"మత్తు లేని మందు ఉందట కదా, నాల్ట్రెక్సోన్, అది ఇవ్వండి" అని కొందరు అడుగుతారు. ఉంది. అది గ్రాహకాన్ని పూర్తిగా మూసేస్తుంది, ఏమాత్రం ప్రేరేపించదు. ఒంట్లో ఓపియాయిడ్ లేకుండా వారం, పది రోజులు గడిచాకే మొదలుపెట్టాలి, లేకపోతే యాతన ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పట్టుదల, ఇంట్లో గట్టి తోడు ఉన్నవారికి బాగానే పనిచేస్తుంది. అయితే మాత్రల రూపంలో చాలామంది కొద్దివారాల్లోనే మానేస్తారు. బాగా కుదురుకున్న మందును కదిపి దీనికి మార్చమని మీ తమ్ముడి విషయంలో నేను చెప్పను.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. నిజానికి మన జిల్లాలో పెద్ద జబ్బు ఇదే. 2019లో కేంద్ర ప్రభుత్వం, ఎయిమ్స్ విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా ముప్పై ఏడు మంది మన ఇళ్ళలోనే ఉన్నారు.

మద్యం ఒకేసారి రెండు పనులు చేస్తుంది. మెదడును శాంతపరిచే గాబాకు బలం ఇస్తుంది, ఉత్తేజపరిచే గ్లూటమేట్‌ను అణుస్తుంది. ఏళ్ళ తరబడి తాగితే మెదడు దీనికి విరుద్ధంగా సర్దుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా మానితే శాంతపరిచేది తక్కువ, ఉత్తేజపరిచేది ఎక్కువ. ఆరు గంటలకే చేతుల వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, జ్వరం వస్తే అది ప్రాణాంతకం. ఓపియాయిడ్ మానితే నరకం కనిపిస్తుంది, ప్రాణం పోవడం మాత్రం అరుదు. మద్యం మానడంలో ప్రాణమే పోవచ్చు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఆ రోజే తాగుడు ఆపేసి, రెండో మూడో రోజు పీఠం దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయినవారిని ఏటా చూస్తాను. దీక్ష పూనడం మంచి సంకల్పం. రోజూ పొద్దున్నే తాగనిదే చేయి నిలవని మనిషి మాత్రం మాలకు పదిరోజుల ముందే డాక్టరును కలిసి, డయాజిపామ్, లోరాజిపామ్ వంటి మందులతో వారం రోజుల్లో జాగ్రత్తగా మాని, ఆ తర్వాత మాల వేసుకోవాలి.

నీరసంగా ఉన్నాడని ఊళ్ళో గ్లూకోజ్ సీసా ఎక్కించడం ఇంకో ప్రమాదం. తాగేవారి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు థయమిన్ కావాలి. ముందు థయమిన్ ఇంజక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. కనుగుడ్లు సరిగా కదలకపోవడం, నడక తూలడం, మతి తప్పడం, చివరికి జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవడం దాకా వెళ్తుంది. ఎవరు సెలైన్ పెట్టబోయినా "థయమిన్ ఇచ్చారా?" అని అడగండి. కొన్ని రూపాయల ఇంజక్షన్ అది.

కూరలో కలిపే పొడి గురించి కోపం దాచుకోకుండా చెప్తాను. అలాంటి పొట్లాలలో తరచుగా ఉండేది డైసల్ఫిరామ్. 1940ల చివర్లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు దీని గుణం గుర్తించారు. మద్యం కాలేయంలో మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, తర్వాత ఒక ఎంజైము వల్ల విరుగుతుంది. డైసల్ఫిరామ్ ఆ ఎంజైమును పనికిరాకుండా చేస్తుంది. డైసల్ఫిరామ్ వేసుకోవడం ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. ఆ ప్రభావం ఉండగా తాగితే విషం పేరుకుని ముఖం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బున్న మనిషి చనిపోవచ్చు. ఇది మంచి మందే, కానీ తాగితే ఏమవుతుందో తెలిసి, ఒప్పుకుని, ఇంట్లోవారి ఎదుట వేసుకునే మనిషికి. ఆ తెలివిడే దానిలో సగం వైద్యం. తెలియకుండా పెడితే మిగిలేది విషమే. పైగా ఎప్పుడో ఒకప్పుడు విషయం బయటపడుతుంది, ఆ తర్వాత ఆయన మీ చేతి అన్నం నమ్మరు.

ఆయన ఒప్పుకుంటే మందులు ఇంకా ఉన్నాయి. తాగినప్పుడు వచ్చే హుషారులో కొంత మన సొంత ఎండార్ఫిన్ల వల్లే కనుక, ఓపియాయిడ్ గ్రాహకాన్ని మూసే నాల్ట్రెక్సోన్ మద్యానికి కూడా పనిచేస్తుంది. అమెరికాలో 1994లో దీనికి అనుమతి ఇచ్చారు. కాలేయ పరీక్ష చేసి ఇస్తారు. అకాంప్రోసేట్ మరొకటి, మానిన తర్వాత గ్లూటమేట్ అలజడిని తగ్గిస్తుందని భావిస్తారు. కాలేయం బాగులేనివారికి అనువైనది. కానీ ఇక్కడ ఉద్దానం మాట చెప్పాలి. అకాంప్రోసేట్ పూర్తిగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. పలాస, సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఏ లక్షణమూ లేకుండా కిడ్నీలు దెబ్బతిన్నవారు ఎంతమందో మీకు తెలుసు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష లేకుండా మీ నాన్నగారికి ఆ మాత్ర మొదలుపెట్టనివ్వకండి. కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి 50 మిల్లీలీటర్లు దాటకపోతే మోతాదు తగ్గించాలి, 30 కంటే తగ్గితే అసలు ఇవ్వకూడదు. బాక్లోఫెన్ కూడా కాలేయ రోగులకు వాడతారు, దానికీ ఇదే జాగ్రత్త.

మీ ఇంటికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. నాన్నగారికి నాల్ట్రెక్సోన్ మొదలైతే ఆ మాత్ర పొరపాటున కూడా తమ్ముడి నోట్లోకి వెళ్ళకూడదు. బుప్రెనార్ఫిన్ మీద ఉన్న మనిషి దాన్ని మింగితే కొద్దిసేపట్లోనే తీవ్రమైన యాతన మొదలై చాలా గంటలు ఉంటుంది. ఇద్దరి మందులూ వేరువేరు డబ్బాల్లో పేర్లు రాసి పెట్టండి. తమ్ముడి డబ్బాకు తాళం వేయండి. చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే మరీనూ, పెద్దవాడిని కుదుటపరిచే ఆ మాత్ర పసిపిల్లల ఊపిరి ఆపగలదు.

గంజాయికి మాత్రం ఇలాంటి ప్రత్యేక మందు ఇప్పటికీ లేదు. నిద్ర, ఆందోళన, ఉన్మాద లక్షణాలు ఉంటే వాటికి చికిత్స చేస్తాం. మిగతాది కౌన్సెలింగే. పొగాకుకు ఉన్నాయి: నికోటిన్ గమ్, బుప్రోపియాన్, వరెనిక్లిన్. ఇందులో వరెనిక్లిన్ నికోటిన్ గ్రాహకం మీద, బుప్రెనార్ఫిన్ తన గ్రాహకం మీద చేసినట్టే, కొంతమేరకే ప్రేరేపించి చోటు ఆక్రమిస్తుంది. మన తీరప్రాంతంలో అడ్డపొగ తాగే అవ్వలకు, నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవారికి, అంగిలి పుండును చూసి భయపెట్టడమే కానీ ఈ మందుల మాట ఎవరూ చెప్పరు. అది నాకు బాధగా ఉంటుంది.

ఇక ఆచరణ. పోలీసు కేసు భయం ఉందని మీరు రాశారు. మాదకద్రవ్యాల చట్టం, 1985లోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం నేరం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం ఆరోపణ ఉన్న బాధితుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చీటీలు, ఆసుపత్రి పుస్తకం భద్రంగా ఉంచండి. "మూడు నెలలు గొలుసు వేసి ఉంచితే దారికొస్తాడు" అనే కేంద్రాల జోలికి పోకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. ఏ దారీ తెలియనప్పుడు 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416 ఉంది.

పెళ్ళివారికి చెప్పాలా అని చివర్లో అడిగారు. నా అభిప్రాయం: చెప్పాలి, అది కూడా మీ తమ్ముడే అమ్మాయితో చెప్పాలి, మీరు పక్కన ఉండండి. పెళ్ళయ్యాక పెట్టెలో దొరికిన మాత్రల అట్ట చూసి తెలుసుకునే భార్య ఆ మాత్రను శత్రువుగానే చూస్తుంది. ముందే తెలిసిన భార్య రోజూ అది కరిగేదాకా ఎదురుగా కూర్చుంటుంది. "పెళ్ళి చేస్తే వాడే కుదురుకుంటాడు" అనే మాట మీద ఒక ఆడపిల్ల బతుకు పెట్టకండి; అతను ఇప్పటికే కుదురుకుంటున్నాడు, దానికి కారణం చికిత్స. వాళ్ళు సందేహిస్తే మీ డాక్టరు దగ్గరకు వచ్చే విడత మేనమామగారిని, ఆ అమ్మాయి తల్లిదండ్రులను కూడా వెంట తీసుకెళ్ళండి. ముందుగా ఫోన్ చేసి రద్దీ తక్కువ ఉన్న రోజు సమయం అడగండి. తమ్ముడి అనుమతితో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడడానికి ఏ మంచి వైద్యుడూ కాదనడు.